లంకె లేని లెక్కలు

మా కాలనీ వెనక పారే నాలాలో పూడిక తీయడానికి ఒక ఏడాదిలో ఎంత ఖర్చయిందో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. నెల దాటాక ఇంటికి ఒక లావుపాటి కవరు వచ్చింది. పేజీకి 2 రూపాయల చొప్పున 92 రూపాయలు కట్టించుకుని పంపిన 46 జిరాక్సు కాగితాలు అందులో ఉన్నాయి. ఎస్టిమేట్లు, వర్క్ ఆర్డర్లు, ఎం-బుక్ పేజీలు, బిల్లులు అన్నిటినీ ఒక క్రమమంటూ లేకుండా ఒకే ట్యాగుకు గుచ్చారు. ఎం-బుక్ అంటే కొలతల పుస్తకం. జరిగిన పనిని ఇంజినీరు స్వయంగా కొలిచి, పొడవు, వెడల్పు, లోతు రాసి సంతకం పెట్టే పుస్తకం అది. బిల్లు పాసయ్యేది దాని ఆధారంగానే. నాకు వచ్చిన వాటిలో కొన్ని పేజీల కుడి అంచు జిరాక్సులో తెగిపోయింది. మొత్తం రాసిన గడిలో చివరి రెండు అంకెలు లేవు.

ఆ కాగితాల కోసం ఎందుకు వెళ్లానో చెప్పాలి. గత వానాకాలంలో ఒక రాత్రి గంటన్నర సేపు కురిసిన వానకు నాలా పొంగి, మా వీధిలో కింది వాటాల్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. ఎదురింటి పెద్దమ్మ మంచం మీదికి ఎత్తిపెట్టిన బియ్యం బస్తా తప్ప ఆ ఇంట్లో సరుకంతా తడిసింది. ఏటా వేసవిలో జేసీబీ వచ్చి పూడిక తీయడం మేము చూస్తూనే ఉన్నాం. తీసిన బురదను గట్టున కుప్పపోసి, ఎండాక లారీల్లో ఎత్తుకెళ్లడమూ చూస్తున్నాం. అలా ఏటా తీస్తూనే ఉంటే నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయన్నదే నా ప్రశ్న. దరఖాస్తు ఇచ్చిన రోజు కౌంటరులో ఉన్న ఉద్యోగి, "ఇవన్నీ మీకెందుకు మేడమ్?" అని మర్యాదగానే అడిగారు. చట్టంలోని సెక్షన్ 6(2) ప్రకారం కారణం చెప్పనక్కర్లేదు. అయినా చెప్పాను. గోడ మీద మిగిలిన బురద గీత ఫోటో కూడా చూపించాను.

నేను సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ఇమ్మని అడిగాను. ఆ హక్కు సెక్షన్ 2(జె)లో ఉంది. 2005 నాటి చట్టం కాబట్టి అందులో ఫ్లాపీలు, వీడియో క్యాసెట్ల ప్రస్తావన కూడా ఉంది. వాటితో పాటు "మరే ఇతర ఎలక్ట్రానిక్ పద్ధతిలోనైనా" అన్న మాటా ఉంది. సాఫ్ట్ కాపీ అందుబాటులో లేదని జవాబు వచ్చింది. కానీ ఎస్టిమేట్ల పేజీలను చూస్తే అవి కంప్యూటరు నుంచి ప్రింటు తీసినవేనని వాటి గళ్ల గీతలే చెబుతున్నాయి. అంటే ఎక్కడో ఒక ఎక్సెల్ ఫైలు ఉంది. దాన్ని ప్రింటు తీశారు, ప్రింటును జిరాక్సు తీశారు, ఆ జిరాక్సును నేను మళ్లీ ఎక్సెల్‌లోకి ఎక్కించాను. రెండు ఆదివారాలు పట్టింది. అకౌంట్ల విభాగంలో పనిచేసే దాన్ని కాబట్టి ఆ పని నాకు కష్టం కాలేదు. అంకెలు కొట్టడం అలవాటు లేని వాళ్లు ఆ కవరును అటక మీద పెట్టేసి ఉండేవారు, వాళ్లను తప్పు పట్టడానికీ లేదు.

చివరికి 31 వరుసల పట్టిక తయారైంది. పని పేరు, పొడవు, వెడల్పు, లోతు, ఘనపు మీటర్లు, తేదీ, మొత్తం. చూడటానికి పట్టిక నిండుగానే ఉంది. కానీ దాన్ని దేనితోనూ కలపలేకపోయాను. దాదాపు ప్రతి వరుసలోనూ పని పేరు "కల్వర్టు నుంచి కల్వర్టు వరకు పూడికతీత" అనే ఉంది. మా నాలాకు మెయిన్ రోడ్డు నుంచి చెరువు దాకా ఏడు కల్వర్టులు ఉన్నాయి. ఏ కల్వర్టు నుంచి ఏ కల్వర్టు వరకు? వాటికి నంబర్లు లేవు. ఎస్టిమేట్‌లో ఉన్న పని నంబరు బిల్లులో లేదు, బిల్లు నంబరు ఎం-బుక్‌లో లేదు. మా కాలనీవాళ్లు ఇచ్చిన ఫిర్యాదులకు వచ్చిన నంబర్లు వీటిలో దేనికీ చెందవు. ఎంత ఖర్చయిందో ఆ పట్టిక చెబుతుంది, ఎక్కడ ఖర్చయిందో చెప్పదు. ఒక కాగితాన్ని ఇంకో కాగితంతో కలిపే లంకె ఎక్కడా లేదు. ప్రభుత్వ సమాచారం బయటపెట్టడం గురించి నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఈ లంకె గురించే. ఎన్ని పేజీలు ఇచ్చారన్న దానికంటే, ఇచ్చిన పేజీని నా వీధితోనో, నా ఊరితోనో, ఇంకో శాఖ ఇచ్చిన పేజీతోనో కలపడానికి వీలుందా లేదా అన్నది నాకు ముఖ్యం.

లంకె పైకి కనిపించినా ఒక్కోసారి మోసపోతాం. వాన లెక్కలను మన తెలంగాణ రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల నుంచి సేకరించి రోజూ ప్రజల ముందు పెడుతోంది. మనకు దొరికే ప్రభుత్వ సమాచారంలో అది నిజంగా పనికొచ్చేది. ఆ వాన లెక్కను మా ఫిర్యాదులతో కలిపి చూద్దామని తేదీ ఆధారంగా జత చేశాను. అసలు వాన లేని రోజున ఇళ్లలోకి నీళ్లు వచ్చినట్టు, కుండపోత కురిసిన రోజున ఒక్క ఫిర్యాదూ లేనట్టు తేలింది. చాలాసేపు తికమకపడ్డాక విషయం అర్థమైంది. వాన లెక్కలో రోజు ఉదయం 8.30 నుంచి మరునాడు ఉదయం 8.30 వరకు, వేసే తేదీ మాత్రం ఆ మరునాటిది. ఫిర్యాదుల పుస్తకంలో రోజు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. రాత్రి పది గంటలకు కురిసిన వాన ఒక లెక్కలో ఇవాళ్టిది, ఇంకో లెక్కలో రేపటిది. రెండూ తప్పు కాదు, రెండు శాఖలూ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ గడికి అర్థమేమిటో పక్కన ఒక్క వాక్యం రాసి ఉండకపోతే, వాటిని జత చేసిన మనిషి నిజాయితీగానే తప్పుడు నిర్ధారణకు వస్తారు. పట్టికతో పాటు దాని వివరణ కూడా ఇవ్వాలని సమాచార నిపుణులు పట్టుబట్టేది ఇందుకే.

31 వరుసల కాగితం చేతిలో పట్టుకుని ఏం చేయాలో తోచని రోజుల్లో నాకు మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. ఉపాధి హామీ పనులు మొదలైన తొలి ఏళ్లలో, సెలవులకు వెళ్లినప్పుడు అక్కడ సామాజిక తనిఖీ సభ జరగడం చూశాను. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. ఉపాధి హామీ చట్టంలోని సెక్షన్ 17 ఈ పనులపై గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని చెప్పింది. దేశంలో మిగతా రాష్ట్రాల కంటే ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీన్ని ఒక వ్యవస్థగా నిలబెట్టి, 2009లో దానికోసం ప్రత్యేకంగా సొసైటీని కూడా ఏర్పాటు చేసింది. కూలీల కుటుంబాల్లో చదువుకున్న యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి, తమ సొంత ఊరు కాని ఊరికి పంపేవారు. వాళ్లు ఇంటింటికీ తిరిగి జాబ్ కార్డునూ పాస్ పుస్తకాన్నీ మస్టర్ రోలుతో, అంటే కూలీల హాజరు పట్టీతో, సరిచూసేవారు. తరువాత గ్రామసభ, ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక.

నేను చూసిన సభ బడి ముందు వేపచెట్టు కింద జరిగింది. ఇరవై ఏళ్లు కూడా నిండని ఒక అమ్మాయి మస్టర్ రోలు చేతిలో పట్టుకుని పేరు, పని, రోజులు, కూలి గట్టిగా చదువుతోంది. ఒక పేరు దగ్గర వెనక వరుసలోంచి ఒక ఆవిడ లేచి, "ఆ వారం నేను ఊళ్లనే లేను బిడ్డా, మా చెల్లె పెండ్లికి పోయిన" అన్నది. చదువుతున్న అమ్మాయి ఆగి, ఆ వరుస పక్కన పెన్నుతో గుర్తు పెట్టింది. అంతే, పెద్ద గొడవేమీ జరగలేదు. కానీ ఆ ఒక్క క్షణంలో కాగితం మీది వరుస, కళ్ల ముందున్న మనిషి ఒకరికొకరు ఎదురుపడ్డారు. ఆ ఆవిడకు చదవడం రాదు. ఆ కాగితం ఆమె చేతికి ఇచ్చి ఉంటే ఆమెకు ఏమీ తెలిసేది కాదు. పేరు గట్టిగా చదివారు కాబట్టి ఆమెకు తెలిసింది, ఆమె చెప్పింది కాబట్టి ప్రభుత్వానికి తెలిసింది.

సమాచార హక్కు పుట్టిందే అలాంటి చోట. 1994లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం బిల్లులనూ మస్టర్ రోళ్లనూ ఊరివాళ్ల ముందు చదివించే జన్ సున్వాయిలు, అంటే ప్రజా విచారణలు, మొదలుపెట్టింది. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేసింది. "హమారా పైసా, హమారా హిసాబ్" (మా డబ్బు, మా లెక్క) అన్నది వాళ్ల నినాదం. తొమ్మిదేళ్ల తరువాత దేశానికి చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని మనం దరఖాస్తు పెట్టుకునే చట్టంగానే ఎరుగుదుం, కానీ దాని ప్రాణం సెక్షన్ 4లో ఉందని నా నమ్మకం. ప్రతి కార్యాలయం తన రికార్డులను పట్టిక వేసి, సూచిక తయారుచేసి, వీలైనవన్నీ కంప్యూటరు ఎక్కించాలని అది చెబుతుంది. ప్రజలు ఈ చట్టం కింద దరఖాస్తు చేయాల్సిన అవసరం వీలైనంత తక్కువగా ఉండేలా సమాచారాన్ని తనంతట తానే వెల్లడించాలని 4(2) చెబుతుంది. స్థానిక భాషనూ, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతినీ దృష్టిలో పెట్టుకోవాలని 4(4) చెబుతుంది. ఆ పద్ధతుల్లో నోటీసు బోర్డులు, పత్రికలు, ఇంటర్నెట్‌తో పాటు బహిరంగ ప్రకటన కూడా ఉంది. మన పల్లెల్లో డప్పు కొట్టి చాటింపు వేసినట్టు, చదివి వినిపించడానికి కూడా చట్టంలోనే చోటు ఉందన్న మాట.

అందుకని ఒక ఆదివారం సాయంత్రం మా కాలనీ కమ్యూనిటీ హాలులో పాతికమంది దాకా కూర్చున్నాం. నేను వరుసలు చదివాను. ఇంగ్లిష్‌లో ఉన్న పని పేర్లను తెలుగులో చెప్పాను. మొదట్లో అందరూ మొత్తాల గురించే మాట్లాడారు. ఇంత డబ్బా, అంత డబ్బా అని. ఐదారు వరుసలయ్యాక పొడవుల మీదికి దృష్టి మళ్లింది. నాలా పక్కనే ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన, "85 మీటర్లంటే మసీదు కల్వర్టు నుంచి రావిచెట్టు కల్వర్టు దాకానే అవుతది, మళ్ల ఏదీ కాదు" అన్నారు. రోజంతా ఆ గట్టునే ఉండే మనిషికి ఆ దూరం అడుగులతో సహా తెలుసు. ఇంకో వరుస దగ్గర ఎదురింటి పెద్దమ్మ, "అది మన దిక్కుది గాదు బిడ్డా, అవతలి ఒడ్డుది. ఆ నెల మనకాడికి మిషన్ రాలే, నా మనుమరాలి పుట్టినరోజు యాదికుంది" అన్నది. తేదీలను పుట్టినరోజులతో, బోనాలతో, కరెంటు పోయిన రాత్రులతో జత చేస్తూ రెండు గంటల్లో 22 వరుసలకు చోటు దొరికింది. నా పట్టికలో లేని లంకెలు వాళ్ల జ్ఞాపకాల్లో ఉన్నాయి. 9 వరుసలు మిగిలిపోయాయి. వాటి గురించి తరువాత చెబుతాను.

లంకెకు ఎంత విలువ ఉందో దేశమంతా 2024 మార్చిలో చూసింది. ఇచ్చినవాళ్ల పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలు అందించే ఎన్నికల బాండ్ల పథకం రాజ్యాంగ విరుద్ధమని ఆ ఏడాది ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసి, వివరాలు బయటపెట్టమంది. మార్చి 14న ఎన్నికల సంఘం రెండు జాబితాలు ప్రకటించింది. ఒకదానిలో బాండ్లు కొన్నవాళ్లు, రెండోదానిలో వాటిని నగదు చేసుకున్న పార్టీలు. వందల పేజీలు, వేల వరుసలు. పేర్లు, తేదీలు, రూపాయలు అన్నీ ఉన్నాయి, కానీ ఎవరు కొన్న బాండు ఏ పార్టీకి చేరిందో మాత్రం తెలియదు. ప్రతి బాండు మీదా ఒక రహస్య సంఖ్య ఉంటుందనీ, అది అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపిస్తుందనీ 2018లోనే ఒక జర్నలిస్టు బయటపెట్టారు. ఆ సంఖ్యతో సహా ఇవ్వాల్సిందేనని కోర్టు మార్చి 18న మళ్లీ ఆదేశించింది. 21న సంఖ్యలు వచ్చాయి. గంటల వ్యవధిలో పత్రికలవాళ్లు, మామూలు పౌరులు రెండు జాబితాలనూ జత చేసి చూపించారు. మార్చి 14న మన చేతిలో ఉన్నది వెల్లడైన సమాచారమే. కానీ అది మన ప్రశ్నకు జవాబు చెప్పింది మార్చి 21న. మధ్యలో వచ్చి చేరింది ఒకే ఒక్క గడి.

కలిపే గడి ఉన్నా దాన్ని వాడుకోలేని పరిస్థితి మన తెలుగు రికార్డుల్లో ఇంకోటి ఉంది. డీటీపీ చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే. ఏళ్ల తరబడి మన కార్యాలయాల్లో, ప్రెస్సుల్లో తెలుగును అను ఫాంట్లలో కొట్టారు. కాగితం మీద అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఆ ఫైలులోంచి ఒక పేరా కాపీ చేసి ఇంకోచోట పెడితే అక్షరం ముక్క కూడా తెలుగులో ఉండదు, ఏవో గుర్తులు వస్తాయి. అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్‌లో లేని ఆ ఫైలులో మా వీధి పేరు వెతికినా దొరకదు. దాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడితే ఇక చెప్పేదే లేదు, అది బొమ్మే అవుతుంది తప్ప పాఠం కాదు. ఇంగ్లిష్‌లో రాసినప్పుడు వచ్చే చిక్కు వేరు. మియాపూర్ అన్న ఒక్క పేరునే ఒక శాఖ ఒక స్పెల్లింగుతో, ఇంకో శాఖ ఇంకో స్పెల్లింగుతో రాస్తే కంప్యూటరుకు అవి రెండు ఊళ్లు. దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ, మండలానికీ, పట్టణ సంస్థకూ ఒక కోడు ఉంది. ప్రతి పట్టికలో ఊరి పేరు పక్కన ఆ కోడు కూడా రాస్తే చాలు. స్పెల్లింగు ఎలా ఉన్నా ఊరు ఒకటేనని తెలిసిపోతుంది.

మన రాష్ట్రానికి ఈ విషయంలో ఏమీ తెలియదని అనడం అన్యాయం. కేంద్రం 2012లో సమాచారాన్ని పంచుకునే జాతీయ విధానాన్ని ప్రకటిస్తే, తెలంగాణ 2016లో తన సొంత ఓపెన్ డేటా విధానం తెచ్చింది, పోర్టల్ కూడా పెట్టింది. ఆ పోర్టల్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది హైదరాబాద్ మెట్రో సమాచారం. రైలు మార్గాలు, స్టేషన్లు, రాకపోకల వేళలు జీటీఎఫ్ఎస్ అనే పద్ధతిలో ఇచ్చారు. ప్రపంచంలో చాలా నగరాల రవాణా సంస్థలు వాడే పద్ధతే అది. ఒక ఫైలులో స్టేషన్లు, ఒకదానిలో మార్గాలు, ఒకదానిలో ట్రిప్పులు, ఇంకోదానిలో ఏ ట్రిప్పు ఏ స్టేషనులో ఎన్నింటికి ఆగుతుందన్నది ఉంటాయి. ప్రతి స్టేషనుకూ ఒక గుర్తింపు సంఖ్య, అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. ఆ సంఖ్యను పట్టుకుని ఏ కాలేజీ విద్యార్థి అయినా ఆ ఫైళ్లను కలిపి, అమీర్‌పేట నుంచి ఎక్కడికి ఎంతసేపట్లో చేరుకోవచ్చో లెక్క కట్టగలరు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. మెట్రో స్టేషనుకు ఇవ్వగలిగిన సంఖ్యను నాలా మీది కల్వర్టుకు కూడా ఇవ్వవచ్చు.

చెరువుల విషయంలో ఈ లోటు ఖరీదు కుటుంబాల మీద పడింది. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. దానికి ఆవల, 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, 10 హెక్టార్లూ ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ జోన్‌గా వదలాలి. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ చెరువులకు సంఖ్యలు ఇచ్చి, మ్యాపులు, ప్రాథమిక, తుది నోటిఫికేషన్లు ఇంటర్నెట్‌లో పెట్టింది. అది మంచి పనే. అయినా 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక, అప్పు చేసి ఇల్లు కొనుక్కున్న ఎంతోమంది తమ ఇల్లు గీతకు ఇటుందో అటుందో తెలియక రాత్రుళ్లు నిద్రపోలేదు. కొనేవాళ్ల చేతిలో ఉండేది దస్తావేజు. అందులో సర్వే నంబరు, ప్లాటు నంబరు ఉంటాయి. మ్యాపులో ఉండేది చెరువు సంఖ్య, ఒక నీలి గీత. ఒక సర్వే నంబరులో కొంత భాగం గీత లోపల, మిగిలినది బయట ఉంటే, ఆ నంబరు తెలిసినా ప్లాటు సంగతి తేలదు. రిజిస్ట్రేషన్ రోజున ప్లాటు నంబరు కొట్టగానే ఆ గీత నుంచి ఎంత దూరంలో ఉందో కనిపించి ఉంటే, ఆ కుటుంబాలు కొనేముందే ఆగేవి. కొన్నవాళ్ల అజాగ్రత్త అని అనేవాళ్లున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. నిపుణుడైన సర్వేయరు తప్ప ఎవరూ చదవలేని మ్యాపును ప్రజల ముందు పెట్టి, చూసుకోవాల్సింది మీరేనని అనడం న్యాయం కాదు.

మనం మాత్రం ప్రభుత్వానికి సమాచారం ఇస్తూనే ఉన్నాం. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే రోజు ఈ నగరం ఎంత నిర్మానుష్యంగా ఉందో అప్పుడు ఇక్కడున్న వాళ్లకు గుర్తుండే ఉంటుంది. సొంతూళ్లలో పేరు రాయించుకోవడానికి జనం బస్సుల్లో నిలబడి వెళ్లారు, మిగిలినవాళ్లు పని మానుకుని గుమ్మం దగ్గర కూర్చున్నారు. ఆ ఒక్క రోజులో రాష్ట్రమంతా సేకరించిన వివరాలు పూర్తి రూపంలో మాత్రం సామాన్యుల ముందుకు రాలేదు.

అయితే ప్రతి లంకెనూ బయట పెట్టాలని నేను అనను. 2017లో నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించిన పరిశోధకులు సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు అందరికీ కనిపించేలా ఉండే అవకాశం ఉందని అంచనా వేశారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానివే. పింఛను అందుకునే ముసలవ్వ ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా వీధిలో అందరికీ కనబడితే అది పారదర్శకత కాదు, ఆమెకు జరిగిన అపాయం. ఆమెకు పింఛను అందిందా లేదా అన్నది ఊరికి తెలియాలి, ఆమె ఖాతా సంఖ్య తెలియనక్కర్లేదు. ఈ గీత ఎక్కడ గీయాలో సమాచార హక్కు చట్టంలోని పాత సెక్షన్ 8(1)(జె) చాలావరకు సరిగానే చెప్పిందని నా అభిప్రాయం. ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని ఇవ్వనక్కర్లేదు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చు. చట్టసభకు నిరాకరించలేని దాన్ని పౌరుడికీ నిరాకరించకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ షరతులన్నీ తీసేసి, వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది అన్న ఒక్క మాట మాత్రం ఉంచింది. ప్రజా ప్రయోజనం కోసం ఇవ్వవచ్చనే 8(2) ఇంకా ఉంది, నిజమే. కానీ మస్టర్ రోలు మీది పేరు, బిల్లు మీది కాంట్రాక్టరు పేరు, ఎం-బుక్ మీది ఇంజినీరు సంతకం కూడా వ్యక్తిగతమేనని ఏ అధికారి అయినా చెప్పడానికి ఇప్పుడు దారి తెరుచుకుంది. పేర్లు కొట్టేసిన మస్టర్ రోలును ఆ వేపచెట్టు కింద చదివి ఉంటే, పెళ్లికి వెళ్లిన ఆవిడ లేచి నిలబడేది కాదు. నాకు దీని గురించి నిజంగా భయంగా ఉంది.

ఇక మిగిలిన 9 వరుసలు. వాటి పొడవులు, తేదీలు, మొత్తాలు ఒక పేజీలో రాసి, ఇవి ఎక్కడివో చెప్పమని కాలనీ తరఫున ఉత్తరం ఇచ్చాం. నిజం చెప్పాలంటే, హాలులో ఉన్నవాళ్లలో చాలామంది అవి జరగని పనులే అని అప్పటికే తేల్చేశారు. నా మనసులోనూ ఆ అనుమానం ఉంది. మూడు వారాల తరువాత ఒక యువ ఇంజినీరు వచ్చారు. ఎండలో రెండు గంటలు మాతో పాటు గట్టు వెంట నడిచారు. 9లో 6 ఎక్కడ జరిగాయో చూపించారు. ఇస్త్రీ బండి ఆయన, పెద్దమ్మ కూడా, అవును జరిగింది, మాకు గుర్తు రాలేదు అని ఒప్పుకున్నారు. మిగతా 3 అసలు మా నాలావే కావు. పక్క నాలాలో చేసిన పనులు ఒకే ఫైలులో కలిసిపోయాయి.

31 వరుసలకూ చోటు దొరికాక, నేను ఒక తెల్ల కాగితం మీద నాలాను గీసి, ఏడు కల్వర్టులకు సంఖ్యలు వేసి, పని జరిగిన ముక్కలకు రంగు నింపుకుంటూ వెళ్లాను. 4వ కల్వర్టుకు, 5వ కల్వర్టుకు మధ్య రంగు పడలేదు. ఆ ముక్క ఏ వరుసలోనూ లేదు. సరిగ్గా అక్కడే పూడికతీత పనులు చూసేవాళ్ల రెండు పరిధులు కలుస్తాయి. ఇటువైపు వాళ్లు అటువైపు వాళ్లదని, అటువైపు వాళ్లు ఇటువైపు వాళ్లదని అనుకుంటూ ఆ ఏడాదంతా దాన్ని వదిలేశారు. టేపు పెట్టి కొలిస్తే 140 మీటర్లు. మా వీధి ఆ 140 మీటర్లకు ఎగువనే ఉంది. దొంగ లెక్క ఏమీ లేదు. ఎవరి లెక్కలోనూ లేని ముక్క ఒకటి ఉంది. రెండు పరిధుల కాగితాలను ఒకే పట్టికలో, ఒకే కల్వర్టు సంఖ్యలతో ఎవరైనా ఒక్కసారి చూసి ఉంటే ఐదు నిమిషాల్లో బయటపడేది.

ఆ ఇంజినీరు మరునాడే కల్వర్టు గోడల మీద పసుపు రంగుతో ఒకటి నుంచి ఏడు దాకా సంఖ్యలు రాయించారు. ఈ ఏడాది ఎస్టిమేట్‌లో పని పేరు "4వ కల్వర్టు నుంచి 5వ కల్వర్టు వరకు, 140 మీటర్లు, పూడికతీత" అని ఉంది. కాపీ ఒకటి మాకు ఈమెయిల్‌లో పంపారు, ఎక్సెల్ ఫైలుగానే. పెద్దమ్మ రోజూ సాయంత్రం గేటు దగ్గర నన్ను ఆపి, "ఆ నూటనలభై మీటర్లది అయిందా బిడ్డా?" అని అడుగుతోంది. పని పూర్తయిన తేదీ గడి ఇవాళ్టికి ఖాళీగా ఉంది. జేసీబీ నిన్న 5వ కల్వర్టు దగ్గరికి వచ్చి ఆగింది. వచ్చే ఆదివారం ఐదు గంటలకు హాలులో మళ్లీ చదువుతాం.